కొత్త టైరుతో అరకు ఘాట్ ఎక్కిన ప్రయాణం

టైరు కొనడానికి వెళ్లినవారికి దుకాణంలో మొదట చెప్పేది ధర, ఆ తరువాత చెప్పేది అది ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందన్న సంగతి. విశాఖపట్నంలోని గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల నేను ఎక్కి దిగిన ప్రతి దుకాణంలోనూ ఇదే వరస. తడిసిన ఘాట్ రోడ్డు మీద మోటారు సైకిలును వంచినప్పుడు ఈ రబ్బరు ఎంతవరకు పట్టు నిలుపుకుంటుందని అడిగితే, "అన్నీ మంచివే సార్, ఏది తీసుకున్నా ఇబ్బంది లేదు" అన్న జవాబే అందరి నోటా వచ్చింది. అరకు వెళ్లి వచ్చిన నేను అక్కడి కాఫీ తోటలను వదిలి టైర్ల గురించి రాయడానికి కారణం ఆ జవాబు కలిగించిన చిరాకు. దూరప్రయాణాలు చేసే బండికి టైరు ఎంచుకునేటప్పుడు, వెళ్లబోయే దూరంలో అన్నిటికంటే గడ్డుగా ఉండే కొద్దిపాటి రోడ్డునే లెక్కలోకి తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

మాది ఒంగోలు. అక్కడి నుంచి విజయవాడ, రాజమహేంద్రవరం, తుని మీదుగా విశాఖపట్నం వరకు పదహారో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 500 కిలోమీటర్లు. అందులో మలుపు అనదగిన మలుపు ఒక్కటీ లేదు. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 మీద ఈ రహదారిని ఏళ్ల తరబడి అటూ ఇటూ తిరిగినందువల్ల వెనక టైరు ఆకారమే మారిపోయింది. మోటారు సైకిలు టైరు అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉంటుంది, ఆ గుండ్రదనం మీదనే బండి మలుపులో సాఫీగా వాలుతుంది. సామాను బరువుతో, ఒకే వేగంతో, నిటారుగా నడిపినకొద్దీ మధ్యభాగం ఒక్కటే అరిగి చదునవుతుంది, అంచులు మాత్రం కొత్తవాటిలాగే నిలిచి ఉంటాయి. అటువంటి టైరు తిన్నని రోడ్డు మీద ఏ లోపమూ చూపదు. సింహాచలం కొండ ఎక్కుతున్నప్పుడు మాత్రం ప్రతి మలుపులోనూ బండి వంగడానికి ఒక క్షణం మొరాయించి, ఆ చదును అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు పడిపోయినట్లయింది. గాడుల్లో అరుగుదలను తెలిపే చిన్న దిమ్మలు ఇంకా పైకి తేలలేదు. ద్విచక్ర వాహనాలకు నిబంధనలు అడిగే కనీస గాడి లోతు 0.8 మిల్లీమీటర్లు కాగా, నా టైరుకు అంతకు రెట్టింపు పైనే ఉంది. చట్టం దృష్టిలో అది మంచి టైరే. అరకు మలుపులకు మాత్రం పనికిరాదు. దాన్ని విశాఖలోనే మార్చి కొండ ఎక్కాలని అక్కడే నిశ్చయించుకున్నాను.

మా వైపు టైరుకు శత్రువు రాయి. చీమకుర్తి నుంచి గ్రానైటు మోసుకెళ్లే లారీల వెంట రాలే పదునైన ముక్కలు, వేసవిలో కాగిపోయే తారు, ఇవే మా బాధలు. అందుకే ఒంగోలులో ఎవరిని అడిగినా గట్టి రబ్బరు, లోతైన గాడులు ఉన్నది తీసుకోమంటారు, ఆ సలహా మా రోడ్లకు సరైనదే. విశాఖ వెనకనున్న కొండల సంగతి వేరు. అక్కడ చెట్ల నీడన రోడ్డు మధ్యాహ్నం దాకా ఆరదు. మంచు, రాలిన ఆకు, కొట్టుకొచ్చిన మట్టి ఉంటాయి. గట్టి రబ్బరు చల్లని తడి రోడ్డు మీది గరుకులోకి ఒదగదు. మెత్తని రబ్బరు ఒదుగుతుంది కానీ రహదారి మీద త్వరగా అరిగిపోతుంది. ఈ చిక్కు తీర్చడానికే తయారీదారులు తడిలో పట్టు కోసం రబ్బరులో సిలికా కలుపుతున్నారు, కొన్ని టైర్లలో మధ్యన గట్టి రబ్బరు, రెండు అంచులకు మెత్తని రబ్బరు వాడుతున్నారు. వందల కిలోమీటర్లు తిన్నగా వచ్చి, చివర కొండ ఎక్కే నావంటి వారికి కావలసింది ఈ రెండో రకమే. అటువంటిది ఉందా అని అడిగితే అర్థమైన దుకాణదారు ఒక్కరే దొరికారు.

ఆయన కూడా ముందు 150 వెడల్పు టైరు చూపించి, వెనక నుంచి చూడటానికి బండి బలంగా కనిపిస్తుందన్నారు. నా బండి వెనక టైరు కొలత 140/70-17, 66పి. వెడల్పు 140 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 66 అంటే 300 కిలోల బరువు మోయగలదని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగానికి తగినదని. అదే రిమ్ముకు అంతకంటే వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు లోపలికి నొక్కుకుపోయి, నడినెత్తి ఉబ్బి, కంపెనీ ఉద్దేశించిన గుండ్రదనం చెడిపోతుంది. డబ్బిచ్చి వదిలించుకోబోతున్న లోపాన్ని మరో రూపంలో డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ తరువాత తెచ్చిన 140 టైరు పక్కగోడ మీద, డాట్ అన్న గుర్తు వెంట ఉండే చివరి నాలుగు అంకెలు 1721. అంటే 2021లో 17వ వారంలో తయారైనది. గిడ్డంగిలో నాలుగేళ్లకు పైగా పడి ఉన్న రబ్బరును తాజా సరుకు ధరకే అంటగట్టబోయారు. వేలిగోరు నొక్కి చూస్తే గుంట పడలేదు, గాడుల అడుగున సన్నని వెంట్రుక పగుళ్లు కనిపించాయి. వాడకపోయినా గాలికీ వేడికీ రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. ఉప్పగాలీ ఉక్కపోతా ఉన్న ఈ ఊళ్లో అది మెత్తగా ఉంటుందని నేను అనుకోలేదు. ఆ సంగతి చెప్పగానే లోపలి నుంచి నేను కొంటున్న ఏడాదిలోనే తయారైన మరొకటి వచ్చింది. ధర ఐదు వేలకు వంద తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా అని అడిగితే, తగ్గించాకే ఈ ధర అన్నారు. తగ్గించకముందు ఎంత ఉండేదో చూపే కాగితం మాత్రం చూపించలేదు. విశాఖ పొరుగున అచ్యుతాపురంలో యొకొహామా వారి పెద్ద టైర్ల కర్మాగారం 2022 నుంచి నడుస్తోంది. అక్కడ తయారయ్యేవి పొలాల్లో, గనుల్లో తిరిగే యంత్రాల టైర్లు కాబట్టి దాని వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

బిగించడం నేను పక్కన నిలబడి చూశాను, ప్రతి ఒక్కరూ చూడాలి. పక్కగోడ మీద చక్రం తిరగవలసిన దిశను చూపే బాణం గుర్తు ఉంటుంది. తడిలో నీటిని బయటికి చిమ్మేలా గాడులు ఆ దిశకే మలిచి ఉంటాయి. కుర్రవాడు దాన్ని తిరగేసి ఎక్కించబోతుంటే ఆపవలసి వచ్చింది. పాత వాల్వే ఉంచేస్తానంటే ఒప్పుకోలేదు. ట్యూబ్‌లెస్ టైరుకు గాలి నిలవడంలో సగం బాధ్యత ఆ చిన్న రబ్బరు ముక్కదే. చివర మిషను పెట్టి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) వరకు గాలి కొట్టి వదిలేశారు. నా సంచిలోని గేజితో చూసి, ఒంటరి ప్రయాణానికి నేను ఉంచుకునే 32కు తగ్గించుకున్నాను.

కొత్త టైరు పైపొర నున్నగా, మెరుస్తూ ఉంటుంది. మొదటి నూరు, నూటయాభై కిలోమీటర్లు దాన్ని కొద్దికొద్దిగా వంచుతూ గరుకు తేలనివ్వాలి. ఆ పని ఘాట్‌లో చేయడం ప్రమాదం కనుక, ఆ సాయంత్రమంతా బీచ్ రోడ్డు మీద రుషికొండ దాటి భీమిలి వరకు వెళ్లి వచ్చాను. సముద్రం ఎలా ఉందో నేను గమనించలేదు. ప్రతి ఒంపులోనూ మునుపటి కంటే వేలెడంత ఎక్కువ వంచి, ఆగినప్పుడల్లా మెరుపు ఎంతవరకు పోయిందో చూసుకున్నాను.

మర్నాడు ఎన్ఏడీ కూడలి, పెందుర్తి, కొత్తవలస దాటేసరికి తుంపర మొదలైంది. ఎస్.కోటలో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు, బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన నా ముఖం చూడకుండా బండి చక్రాలనే చూస్తున్నారు. విజయనగరం ఆర్టీసీ జోనల్ వర్క్‌షాపులో టైర్ల పని చేసి రిటైరయ్యారట.

"ఎనకది కొత్తదే, ముందుది పాతదేటి బాబూ?" అని అడిగి, గ్లాసు పక్కన పెట్టి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నారు. అరచేతిని టైరు మీద మొదట చక్రం తిరిగే దిశలో, తరువాత దానికి ఎదురుగా నెమ్మదిగా నిమిరారు. నా చేయి పట్టుకుని అదే చోట పెట్టించారు. ఒక దిశలో నున్నగా జారిన చేయి తిరుగు దిశలో ప్రతి దిమ్మ అంచునా తగులుకుంది, రంపం పళ్ల మీద నిమిరినట్లు. కంటికి ఏమీ కనిపించదు. గేజి పెట్టి చూసినా లోతు సరిగానే ఉంటుంది.

"బ్రేకు గట్టిగా నొక్కుతారు కావాల. దిమ్మకి ఒక అంచు అరిగిపోయి రెండో అంచు లేచుండిపోనాది. ఇప్పుడు పర్వాలేదు బాబూ, కొండ దిగేటప్పుడే చూసుకోవాల" అన్నారు. తరువాత ఆయన చెప్పిన మాట నాకు చాలా విలువైనదిగా తోచింది. రీట్రెడ్ చేసిన, అంటే అరిగినదాని మీద కొత్త రబ్బరు పొర వేసిన, టైరు ఎంత బాగా కుదిరినా తాము బస్సు ముందు చక్రానికి ఎక్కించేవారం కామని, వెనకది మోసం చేస్తే బండి సర్దుకుంటుందని, ముందుది మోసం చేస్తే డ్రైవరు చేతిలో ఏమీ మిగలదని ఆయన వివరించారు. దుకాణాలన్నీ తిరిగి నేను వినలేకపోయిన మాట టీ చల్లారేలోపు ఈయన దగ్గర విన్నాను. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

బొడ్డవర దాటి తైడా దగ్గర అడవి మొదలయ్యాక నేను టైరును నిజంగా పరీక్షించగలిగాను. తుంపర వానగా మారింది. రోడ్డు వెడల్పు చేసే పనుల వల్ల కొన్ని మలుపుల్లో ఎర్రమట్టి తారు మీదికి కొట్టుకొచ్చింది, మరికొన్నిచోట్ల బస్సుల ట్యాంకుల నుంచి ఒలికిన డీజిలు నీటి మీద రంగురంగుల పొరగా తేలుతోంది. తెల్లగీతల మీద రంగు, తడిస్తే, మట్టి కంటే అన్యాయంగా జారుతుంది. ఈ మూడింటినీ తప్పించుకునే వీలు లేని ఒక గట్టి మలుపులో, రెండో గేరులో, రోడ్డుకు అడ్డంగా ఊగుతూ దిగివస్తున్న బస్సుకు దారి ఇచ్చి లోపలి అంచుకు రావలసి వచ్చింది. వెనక చక్రం ఎర్రమట్టి మీద అడుగు దూరం పక్కకు జరిగింది. పాత టైరైతే ఆ చదును అంచు మీద నుంచి ఒక్కసారిగా జారేదని నాకు సందేహం లేదు. ఇది జరగడం నాకు నడుము దగ్గర ముందే తెలిసింది, తారు తగలగానే కుదుపు లేకుండా మళ్లీ పట్టుకుంది. మంచి టైరు అంటే ఎన్నడూ జారనిది అని నేను అనను, అటువంటిది లేదు. జారబోయే ముందు కబురు చేసేదే మంచి టైరు, జారాక తిరిగి పట్టు దొరకడంలో తొందరా గోలా లేనిదే మంచి టైరు. గాడుల అందం చూసి ఈ గుణం ఎవరూ చెప్పలేరు.

డముకు దగ్గర ఆగి చూశాను. గాడుల్లో ఎర్రమట్టి నిలిచిపోలేదు, కొద్ది దూరంలోనే తిరుగుడుకు చిమ్మేసింది. అంచుల్లో మెరుపు చిటికెన వేలంత వెడల్పున మాత్రమే మిగిలింది. ఆ వానలో అంతకు మించి వంచడం అనవసరం.

అరకులో గది అద్దె కార్తీక మాసపు శని, ఆదివారాల్లో ఎంత అడుగుతారో చెప్పనక్కరలేదు. బొంగులో చికెన్ కూడా ధరకు తగ్గట్టు లేదు. వలిసె పూలు మాత్రం రోడ్డుకు రెండు వైపులా పసుపుగా విరబూసి ఉన్నాయి. మర్నాటి ఉదయం, బండి కదలకముందు, గేజి పెట్టి చూస్తే వెనక టైరులో గాలి అదే 32 ఉండటం నన్ను మొదట ఆశ్చర్యపరిచింది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల గేజి ఒకటిన్నర వరకు ఎక్కువ చూపాలి, విశాఖ కంటే పది డిగ్రీలు చల్లగా ఉండటం వల్ల ఇంచుమించు అంతే తక్కువ చూపాలి. రెండూ చెల్లుకు చెల్లు. కొండ మీద గాలి తగ్గించుకోవాలని కొందరు ఇచ్చే సలహాను ఈ లెక్క తెలిసినవారు పాటించనక్కరలేదు. కింద చల్లని టైరులో సరిగ్గా కొట్టించుకున్న గాలే పైన కూడా సరిపోతుంది.

దిగడానికి పాడేరు ఘాట్ ఎంచుకున్నాను. వంట్లమామిడి దాటాక దిగుడు మొదలవగానే బరువంతా ముందుకు వాలి, ఎస్.కోట పెద్దాయన చేయి పెట్టించిన ఆ రంపపు అంచులు హ్యాండిల్‌లో సన్నని వణుకుగా తెలియడం మొదలైంది. మలుపుకు ముందే తిన్నని చోట వేగం తగ్గించి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోకుండా, ఇంజను పట్టు మీదే దించాను. వెనక టైరు ఎంత నమ్మకం ఇచ్చిందో ముందుది అంత జాగ్రత్త అడిగింది. రెండు చక్రాల మీద రెండు వయసుల, రెండు రకాల రబ్బరు ఉన్నప్పుడు బండి మలుపులో ఒకే మాట మీద ఉండదని, వెనక వాలినంత సులువుగా ముందు వాలదని ఆ దిగుడులో స్పష్టంగా తెలిసింది. టైర్లను జతగా మార్చమని తయారీదారులు చెప్పేది అమ్మకం కోసమేనని అనుమానించేవారు ఒక్కసారి పాడేరు ఘాట్ దిగి చూడాలి. మాడుగుల హల్వా కొనుక్కోవడానికి ఆగినప్పుడు కూడా నేను ముందు చక్రం ముందు కూర్చుని అరచేత్తో నిమురుతూనే ఉన్నాను.

అనకాపల్లి నుంచి ఇంటివరకు మళ్లీ అదే తిన్నని రహదారి. ఒంగోలు చేరిన వెంటనే ముందుదానికి 100/90-19, 57పి కొలతలో వెనకదానికి జతగా వచ్చే టైరునే చెప్పి పెట్టాను. ఊళ్లో సరుకు లేక విజయవాడ నుంచి రావలసి వచ్చింది. అది వచ్చి, తయారీ వారం చూసుకుని, బాణం గుర్తు సరిగా ఉండేలా బిగించేవరకు బండిని బయటికి తీయలేదు.