కవర్‌స్లిప్పుల లెక్క

మా వృక్షశాస్త్ర ప్రయోగశాలలో కిటికీ పక్కన ఒక పీసీఆర్ యంత్రం, అంటే కొద్దిపాటి డీఎన్ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే యంత్రం ఉంది. నేను ఉద్యోగంలో చేరక ముందెప్పుడో వచ్చిన నిధులతో దాన్ని కొన్నారు. పైన కప్పిన పసుపు గుడ్డను మా ల్యాబ్ అటెండర్ నెలకోసారి ఉతికి, ఆరేసి, మళ్లీ కప్పుతాడు. తనిఖీ బృందం వచ్చిన రోజున మాత్రం తీసి మడతపెడతాడు. ఆ యంత్రం నడవాలంటే ఎంజైములు, ప్రైమర్లనే చిన్న డీఎన్ఏ ముక్కలు ఏటా కొనాలి, వాటిని ఫ్రీజర్‌లో భద్రపరచాలి. ఆ ఖర్చుకు అప్పటి మంజూరు పత్రంలో పద్దు లేదు. అందువల్ల యంత్రం స్టాక్ రిజిస్టరుకు ఎక్కింది గాని ఒక్క తరగతికీ పనికిరాలేదు.

కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2008లో ప్రారంభించిన స్టార్ కాలేజ్ పథకం మా కళాశాలకు మంజూరైనప్పుడు నేను మొదట చూసుకున్నది ఈ పద్దునే. డిగ్రీ స్థాయిలో విజ్ఞాన శాస్త్రాల బోధనను మెరుగుపరచడం, విద్యార్థి తన చేతులతో ప్రయోగం చేసే అవకాశం పెంచడం ఆ పథకం ఉద్దేశం. పరిశోధనకు అధ్యాపకులకిచ్చే గ్రాంట్లు మనకు అలవాటే. పాఠం బాగా చెప్పడానికి, అదీ డిగ్రీ కళాశాలలకు, ఇచ్చేవి తక్కువ. ఇందులో పరికరాలకు ఒకసారి ఇచ్చే సొమ్ముతో పాటు రసాయనాలు, గాజు సామాను, క్షేత్ర పర్యటనల వంటి వాటికి ఏటా ఇచ్చే రికరింగ్ సొమ్ము కూడా ఉంటుంది. బయటివారికి మొదటిది ఘనంగా కనిపిస్తుంది. నాకు రెండోదే ముఖ్యం.

ఎందుకో ఉల్లి వేరు ప్రయోగంతో చెబుతాను. కణ విభజన దశలను చూపడానికి ఉల్లిగడ్డను నీటి మీద నిలబెట్టి, కొత్తగా వచ్చిన వేళ్ల కొనలను కోసి, మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వేసి, తరువాత ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, స్లైడు మీద కవర్‌స్లిప్పు అనే పలుచని గాజు రేకు కింద పెట్టి బొటనవేలితో నొక్కాలి. ఎంత బలంతో నొక్కాలన్నది ఏ పుస్తకమూ నేర్పలేదు. తక్కువైతే కణాలు గుట్టగా ఉండిపోతాయి, ఎక్కువైతే కవర్‌స్లిప్పు పగులుతుంది. గ్రాంటు రాక ముందు నలభై మందికి నేనే ఒక స్లైడు చేసి చూపేదాన్ని, లేదా కొని పెట్టుకున్న పర్మనెంట్ స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టి వరుసలో నిలబెట్టేదాన్ని. పిల్లలు చూసినది కాక, సీనియర్ల రికార్డులో ఉన్న బొమ్మను గీసేవారు. వారిని తప్పుపట్టలేను; కవర్‌స్లిప్పుల డబ్బాను బీరువాలో దాచి తాళం వేసినది నేనే.

నిధులు వచ్చిన తరువాతి సెమిస్టరులో ప్రతి విద్యార్థికీ పది కవర్‌స్లిప్పులు ఇచ్చి, పగిలితే అడగవచ్చని చెప్పాను. మొదటి వారం పగిలిన వాటితో చిన్న ట్రే నిండింది. మూడో వారంలో ఒక అమ్మాయి తన స్లైడులో 14 క్రోమోజోములే ఉన్నాయని, పుస్తకంలో 16 అని ఎందుకు రాశారని అడిగింది. రెండు జతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని కనిపెట్టడానికి మా ఇద్దరికీ అరగంట పట్టింది. నా సర్వీసులో ఆ ప్రయోగం మీద విద్యార్థి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న అది.

అయితే ఈ పథకం గానీ, నాకు తెలిసిన మరే పథకం గానీ అధ్యాపకుల సమయాన్ని ఖర్చుగా లెక్కించదు. వేరు కొనలను ఉదయం పూట కోస్తేనే విభజన చెందుతున్న కణాలు బాగా దొరుకుతాయి. మా ప్రాక్టికల్స్ మధ్యాహ్నం రెండింటికి. అంటే ఎవరో ఒకరు పొద్దున్నే వచ్చి కోసి పెట్టాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు నేరుగా బోధించాలి. ఈ తయారీ ఆ లెక్కలోకి రాదు. దీనికి తోడు కొనుగోళ్ల పని. కొటేషన్లు, వాటి తులనాత్మక పట్టిక, ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, బిల్లులు, చివర కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల (జీఎఫ్ఆర్) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం: ఇవన్నీ పాఠం చెప్పే మనిషే చూసుకోవాలి. ప్రజాధనానికి లెక్క ఉండాలనడంలో నాకు అభ్యంతరం లేదు. మార్చి 31కి ముగిసే ఆర్థిక సంవత్సరానికీ మా సెమిస్టర్లకూ పొంతన కుదరకపోవడమే నా ఇబ్బంది. ఒక ఏడాది రసాయనాలు వచ్చేసరికి పిల్లలు పరీక్షలు రాసి ఇళ్లకు వెళ్లిపోయారు.

అధ్యాపకులకు శిక్షణ లేదని అనలేం. 1986 జాతీయ విద్యా విధానం తరువాత యూజీసీ అకడమిక్ స్టాఫ్ కళాశాలలను నెలకొల్పింది. పేర్లు మారుతూ అవి ఇప్పుడు మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలయ్యాయి. నేనూ రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లాను. పదోన్నతికి అవి అవసరం కాబట్టి అందరూ వెళతారు. అక్కడ నేర్చుకున్న కొత్త పద్ధతిని తిరిగి వచ్చి తరగతిలో ప్రయత్నించడానికి ఐదు వేల రూపాయలు కూడా చేతికి రావు. శిక్షణ ఒక కార్యాలయం నుంచి, నిధులు మరో కార్యాలయం నుంచి వస్తాయి గనుక ఆ రెండూ మా ల్యాబులో కలుసుకునే సందర్భం నాకింతవరకు ఎదురుకాలేదు.

ఈసారి మరో పథకానికి ప్రతిపాదన రాసేటప్పుడు పరికరాల గడిలో ఒక్క సూక్ష్మదర్శినినే అడిగాను. మిగతాదంతా రసాయనాలు, కవర్‌స్లిప్పులు, పొద్దున్నే వచ్చి ఉల్లి వేళ్ల కొనలు కోయడానికి ఇద్దరు చివరి సంవత్సరం విద్యార్థులకు చిన్న పారితోషికం. చదివిన సహోద్యోగి ఒకరు, మేడమ్, ఇంత తక్కువ అడిగితే మనం పెద్దగా ఏమీ చేయడం లేదనుకుంటారేమో, ఏదైనా యంత్రం చేర్చండి అన్నారు. ఆయన సలహాలో లోకజ్ఞానం ఉంది. కిటికీ వైపు ఒకసారి చూసి, ప్రతిపాదనను ఉన్నది ఉన్నట్టుగానే ప్రిన్సిపాల్ గారి సంతకానికి పంపాను.