ఫోర్క్ ఒక్కటే చాలదు

"ప్రాజెక్టుని తీసేయమని నోటీసు వచ్చిందట. నేను ఫోర్క్ చేసేశా, ఇక భయం లేదు" అని పొద్దున గ్రూపులో ఒకరి మెసేజ్. ఫోర్క్ అంటే కోడ్ దాచే సైటు గిట్‌హబ్‌లోనే మన ఖాతాలోకి తీసుకున్న కాపీ. అదొక్కటే చాలదండీ!

2020 అక్టోబరులో అమెరికా సంగీత కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ పంపిన నోటీసుతో గిట్‌హబ్, వీడియోలు దించుకునే ప్రోగ్రాం యూట్యూబ్-డీఎల్‌ని ఆపేసినప్పుడు, ఆ నోటీసులో పేర్కొన్న ఫోర్కులు కూడా పోయాయి. అందుకే కోడ్‌ని కాపీ చేసే గిట్ క్లోన్ కమాండుకి మిర్రర్ ఆప్షన్ ఇచ్చి మీ సొంత డిస్కులోకి దించుకోండి. బ్రాంచీలు, ట్యాగులు అన్నీ వస్తాయి. ఇష్యూలు (బగ్గుల మీద చర్చలు), రిలీజు ఫైళ్లు మాత్రం రావు, విడిగా దాచుకోవాలి.

ఆ తర్వాత నోటీసు మొత్తం చదవండి. కాపీ కొట్టారన్న ఆరోపణ వేరు, కాపీ కాకుండా పెట్టిన రక్షణను దాటించే సాధనం అనడం వేరు. యూట్యూబ్-డీఎల్ విషయంలో రెండోదే. కోడ్ పనిచేస్తోందో లేదో చూసే టెస్టుల్లో ఉన్న పాటల లింకుల్ని సాక్ష్యంగా చూపారు. డిజిటల్ హక్కుల సంస్థ ఈఎఫ్‌ఎఫ్ లాయర్లు గట్టిగా జవాబు రాశారు, ఆ టెస్టులు తీసేశారు, నవంబరు 16న కోడ్ తిరిగొచ్చింది.

మీ టెస్టులకి మీరు తీసిన వీడియోలే వాడండి, దయచేసి.