చీనీ తోటలో తేమ లెక్క

అనంతపురం వైపు చీనీ (బత్తాయి) తోట అంటే బోరు మీద ఆధారపడ్డ బతుకు. మా చిన్నాయన తోటలో పోయినేడు నేలలో తేమ కొలిచే సెన్సర్లు పెట్టించాం. ఒక్కో చోట రెండు: ఒకటి 30 సెంటీమీటర్ల లోతున, ఇంకోటి 60 సెంటీమీటర్ల లోతున. నీళ్లు పీల్చే వేళ్లు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి. డ్రిప్పు వదిలాక కింది సెన్సర్‌లో తేమ బాగా పెరిగిందంటే, ఆ నీళ్లు వేళ్లను దాటి పోతున్నట్టే. మా ఎర్రనేలలో అది ఎంత తొందరగా జరుగుతుందో ఫోన్‌లో గ్రాఫు చూస్తే గుండె కలుక్కుమంది. ఇప్పుడు గంటల తరబడి కాకుండా, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వదులుతున్నాం.

తోటంతా వైర్లు లాగే పని లేదు, తక్కువ కరెంటుతో దూరం దాకా సమాచారం పంపే లోరా రేడియో చాలు. ఆకుల గుబురు సిగ్నల్‌ను తగ్గిస్తుంది కాబట్టి గేట్‌వే (సెన్సర్ల సిగ్నల్ అందుకుని ఇంటర్నెట్‌కు పంపే పెట్టె) యాంటెనా చెట్ల కన్నా ఎత్తులో ఉండాలి.

నాకు ఈ సెన్సర్లు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించింది బెట్ట సమయంలో, అంటే నీళ్లు ఆపే రోజుల్లో. పూత బాగా రావాలంటే చీనీకి కొన్నాళ్లు నీళ్లు ఆపాలి. బెట్ట ఎక్కువైతే చెట్టు దెబ్బతింటుంది, చాలకపోతే పూత పలచబడుతుంది. చిన్నాయన ఇన్నేళ్లూ ఆకు వాడిపోవడం చూసే నిర్ణయించేవాడు. గ్రాఫు చూసి, "ఆకు చెప్పేదే ఇదీ చెప్తాంది, కాకపోతే ముందే చెప్తాంది" అన్నాడు. ఆయన చూపు మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

చిన్న రైతుకు ఈ ఖర్చు ఇంకా బరువే. పక్క తోటల వాళ్లతో కలిసి ఒకే గేట్‌వే వాడుకోవాలని మాట్లాడుతున్నాం. మీ ఊళ్లో ఎవరైనా అలా పెట్టుకుని ఉంటే చెప్పండి.