కేసింగు ఎత్తు తీసేశారా?

పోయిన వారం చుట్టాల పెళ్లికని అనంతపురం జిల్లాకు వెళ్లి, వచ్చేటప్పుడు పాత ఊరొకటి చూసి వచ్చాను. 2006 నుంచి మూడేళ్లపాటు ఆ చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లలో పనిచేశాను. బడి గోడ మీద నల్ల పెయింటు వేసి మేం గీయించిన బోర్డు ఇంకా ఉంది. గళ్లు కనిపిస్తున్నాయి, అంకెలు మాత్రం వానలకు చెరిగిపోయాయి. దాన్ని చూసిన దగ్గర్నుంచి ఆ రోజులే మనసులో తిరుగుతున్నాయి.

అప్పట్లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే తమ భూగర్భ జలాన్ని కొలుచుకునే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండ ఉండేది. ఊళ్లలో తిరిగింది మాత్రం మా సంస్థలాంటి చిన్న స్వచ్ఛంద సంస్థలు. ఊళ్లో కొన్ని బోర్లు ఎంచుకుని పదిహేను రోజులకోసారి నీటిమట్టం కొలవాలి. వానమాపకం చూడాలి. ఆ అంకెలు బోర్డు మీద రాయాలి. అక్టోబరులో, రబీ విత్తనానికి ముందు, ఊరంతా కూర్చుని లెక్క వేయాలి. పడిన వానకి భూమిలోకి ఎంత దిగింది, వేద్దామనుకుంటున్న పంటలకు ఎంత కావాలి అని. ఫలానా పంట వేయొద్దని ఎవరికీ చెప్పకూడదు. లెక్క చూపించడం వరకే మన పని.

కొలిచేవాళ్లకు జీతం లేదు. ఇప్పుడు మన రాష్ట్రంలో వాలంటీరు అనగానే 2019లో వచ్చిన, యాభై ఇళ్లకొకరు చొప్పున 5,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసినవాళ్లు గుర్తొస్తారు. నేను చెప్పేది వాళ్ల గురించి కాదు. ఎర్రటి ఎండలో టేపు భుజాన వేసుకుని, తమ చేనే కాక పక్కవాళ్ల చేనికీ నడిచి వెళ్లినవాళ్ల గురించి.

మొదట్లో నేను మనుషుల్ని ఎంచుకోవడంలోనే తప్పు చేశాను. మీటింగులో గట్టిగా మాట్లాడేవాళ్లనీ, నలుగురికీ తెలిసినవాళ్లనీ రాసుకున్నాను. మండల కేంద్రంలో రెండు రోజుల శిక్షణ, భోజనం, బ్యాగు, నోటుపుస్తకం ఇచ్చాం. నాలుగు నెలలు పోయాక పుస్తకాలు తెరిచి చూస్తే ఒక ఊళ్లో వరసగా 18.4, 18.4, 18.4 అని ఉంది. ఏప్రిల్‌లో బోర్లు ఆగి ఆగి పోస్తుంటే నీటిమట్టం కదలకుండా ఎలా ఉంటుంది? ఇంట్లో కూర్చుని రాసిన అంకెలని చూడగానే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పై ఆఫీసుకు పంపిన రిపోర్టుల్లో అవే అంకెలున్నాయి మరి.

నేను మొన్న చూసొచ్చిన ఊళ్లో జరిగింది వేరు. ఒకరోజు బోర్డు దగ్గర నిలబడి ఉంటే, తలమీద గడ్డిమోపుతో ఒకామె ఆగింది. నలభై అయిదేళ్లుంటాయి.

"నాయనా, ఈ లెక్క తప్పుండాది" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఆ బోరు కాడ కేసింగు పైపు మోకాలెత్తు పైకి లేసిండాది. మీవోళ్లు టేపు పైపు అంచు కాడ పట్టుకుని చదివినారు. లోతంటే నేల కాడి నుంచి గదా? ఆ మోకాలెత్తు తీసేయల్ల గదా?"

శిక్షణలో ఆ మాట నేనే చెప్పాను. వచ్చినవాళ్లు మరిచిపోయారు. శిక్షణకు పిలవని మనిషి దూరం నుంచి చూసి పట్టేసింది. అయిదో తరగతి చదివింది, ఊళ్లో పొదుపు సంఘం పుస్తకం ఆమే రాసేదని తర్వాత తెలిసింది. పదిహేను మంది పైసల్ని తేడా రాకుండా రాసేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు, మనం వాళ్లని మీటింగుల్లో వెతకం.

ఆమెకు నేను తరగతేమీ చెప్పలేదు. మొదటి నెల టేపు నేను దించితే ఆమె పక్కన నిలబడింది. రెండో నెల ఆమె దించితే నేను రాశాను. టేపు చివరన ఉన్న బరువు నీటికి తగలగానే రీలులో కీచుమని శబ్దం వస్తుంది. అప్పుడు టేపును బొటనవేలితో నొక్కి పట్టి, పైకి లాగి మళ్లీ మెల్లగా దించి, రెండోసారీ అదే గీత దగ్గర మోగితేనే రాసుకోవాలి. ఆమె మూడుసార్లు చూసేది. మూడో నెల నేను చింతచెట్టు కింద కూర్చున్నాను.

ఒకసారి ఊళ్లో పెద్ద రైతు బోరులో బరువు మోటారు తాడుకు చుట్టుకుని ఇరుక్కుంది. ఆయన కేకలు మొదలుపెట్టాడు. పైపులు ఎత్తాల్సి వస్తే వేలల్లో ఖర్చు, నాకు చచ్చేంత టెన్షన్. నేను సర్దిచెప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "పైపు ఎత్తాల్సొస్తే ఖర్చు సంగతి సంఘంలో మాట్లాడదాం మామా, ముందు చూడనీ" అని బోరు పక్కన గొంతుక్కూర్చుంది. టేపును వేళ్ల మధ్య తిప్పుతూ, వదులుతూ, లాగుతూ రెండు గంటలు కష్టపడి విడిపించింది. లేచి చీర దులుపుకుని, మళ్లీ దించి కొలిచి, ఆ అంకె ముందు ఆయనకే చెప్పింది. "నెల లోపల మీటరు దిగిపోయిండాది మామా." ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి కొలత రోజున ఆయనే ఎదురొచ్చి ఎంతుందని అడిగేవాడు.

బోర్లకు అనుమతి తీసుకోవాలని 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ఆ ఊళ్లో దాని పేరు ఎత్తినవాళ్లను నేను చూడలేదు. బోర్డు మీది అంకెల గురించి మాత్రం టీ అంగట్లో వాదించుకునేవాళ్లు.

అక్టోబరు లెక్కల రోజున ఆమె మాట్లాడిన తీరు ఇప్పటికీ గుర్తుంది. మిల్లీమీటర్లంటే ఎవరికి అర్థమవుతుంది? ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు నాలుగు వేల లీటర్లు. ఆమె దాన్ని బిందెల్లోకి మార్చింది. పదిహేను లీటర్ల బిందెలైతే 270. వరికి అటూ ఇటుగా 1,200 మిల్లీమీటర్లు కావాలి, వేరుశనగకు అందులో సగం కూడా అక్కర్లేదు. ఆమె సొంత మరిదే రెండెకరాలు వరి అన్నాడు. అందరి ముందూ ఆ బిందెల లెక్క చెప్పి, "నీ ఇష్టం" అని కూర్చుంది. అతను ఒక ఎకరానికి తగ్గించుకున్నాడు. అందరూ తగ్గించలేదు. ఆ ఏడాది కూడా లెక్కలో నీళ్లు తక్కువే పడ్డాయి.

మేం వెళ్లిపోయాక తొమ్మిదింటిలో ఏడు ఊళ్లలో ఏడాది తిరగకముందే కొలతలు ఆగిపోయాయి. కొలిచే మనిషి వలస పోయాడనో, కూతురికి కాన్పనో, కారణం ఏదైనా ఆ చేతి పని అందుకునే రెండో మనిషి లేకపోయారు. ప్రతి ఊళ్లో ఇద్దరిని తయారు చేయాలని నాకు తట్టలేదు. పథకం గడువు, రిపోర్టులు, ఫొటోలు అంటూ తిరిగాను. ఆ తప్పు నాది, ఇప్పటికీ బాధ పెడుతుంది. ఈ ఊళ్లో మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆమె కోడలికి నేర్పింది. ఎందుకు నేర్పావని మొన్న అడిగితే, "నేను ఊరికి పోతే ఎవురు కొలుస్తారు?" అంది.

అరవై దాటాయి. కళ్లు సరిగ్గా కనిపించడం లేదు. టేపు రీలు ఎప్పుడో పాడైంది, దాచిపెట్టుకున్న దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి బాగు చేయించమని అడిగింది. ఇంటికి తెచ్చాను, బాగు చేసేవాళ్లను వెతుకుతున్నాను. నీటిమట్టం చూడలేకపోయినా వాళ్ల సొంత బోరుకు 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపటికి నిండుతుందో చూస్తున్నారు. నేను వెళ్లిన సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే మనవరాలు ఫోన్లో టైము పెట్టింది. పోయినసారి ఒక నిమిషం 22 సెకన్లు, ఈసారి ఒక నిమిషం 31.

పిల్ల పుస్తకంలో రాసుకుంది. మంచం మీద నుంచి ముసలామె అడిగింది. "తేదీ ఏసినావా?"