రెండో బకెట్

"గ్లోవ్స్ ఏవి నాన్నా?" అని నేననేలోపే ఆ కొత్త కుర్రాడు రెండు చేతులూ ఎత్తి చూపించాడు. కడప నుంచి ఈ బెంగళూరు బడికొచ్చి మూడు వారాలు. కన్నడం రాదు, లంచ్ బాక్స్ ఒక్కడే తెరిచేవాడు. 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా వాడు మరి!

ఇవాళ్టి రిహార్సల్లో మాయలఫకీరు మాయమయ్యే సీనుకి పొగ వాడిదే. మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, పటకారుతోనే వేడినీళ్లలో వెయ్యాలి. నీళ్లు చల్లారితే పొగ చచ్చిపోతుంది, అందుకే రెండో బకెట్. తలుపులు మాత్రం తీసే ఉంచాలి. దాన్నుంచి వచ్చే వాయువు గాలికంటే బరువు, నేలబారున పేరుకుంటే కింద కూర్చున్న పిల్లలకి ఊపిరాడదు.

సీను మధ్యలో పొగ పల్చబడింది.

"బిసి నీరు, బేగ!" వేడినీళ్లు, త్వరగా అని వాడే అరిచాడు, కన్నడంలో. ఇద్దరు బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.