సీనియర్ ఇయర్ అప్లికేషన్లు: ఎస్సే పిల్లలది, కాగితాలు పెద్దలవి

మన తరానికి కాలేజీ సీటంటే ఎంసెట్ ర్యాంకు, ఆ తర్వాత కౌన్సెలింగ్. ర్యాంకు తెలిస్తే ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందో పోయినేడాది లిస్టు చూసి చెప్పేసేవాళ్లం. అమెరికాలో పిల్లలు పన్నెండో తరగతికి, అంటే సీనియర్ ఇయర్‌కి, వచ్చినప్పుడూ అదే లెక్క వేస్తాం: ఎస్ఏటీ పరీక్షలో 1540, బడిలో అన్నీ ఏ గ్రేడులే, ఇంక రాకేం? ఇక్కడ ఆ రెండూ గేటు దాకానే తీసుకెళ్తాయి. అక్కణ్నుంచి ఆగస్టు మొదలు జనవరి దాకా నడిచేదంతా రాత పని, కాగితాల పని. చాలా ఇళ్లలో ఇది తారుమారవుతుంది. పెద్దవాళ్లు ఎస్సే పట్టుకుని కూర్చుంటారు, డబ్బు కాగితాలు డిసెంబరు దాకా ఎవరూ ముట్టుకోరు.

ఒకే ఫారంతో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్ కామన్ యాప్. అది ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. కానీ మొదటి పని అంతకుముందు మే నెలలోనే ఉంది: రికమెండేషన్ లెటర్లు. పదకొండో తరగతిలో లెక్కలో సైన్సో చెప్పిన టీచరు ఒకరు, ఇంగ్లీషో హిస్టరీయో చెప్పిన టీచరు ఒకరు ఉంటే చాలా కాలేజీలకు సరిపోతుంది. బాగా రాస్తారని పేరున్న టీచర్లు ఏడాదికి ఇన్ని లెటర్లే అని హద్దు పెట్టుకుంటారు. సెప్టెంబరులో అడిగితే ఆ హద్దు నిండిపోయి ఉంటుంది. బడిలోని కౌన్సెలర్ కూడా ఒక లెటర్ రాస్తారు, దానికోసం ఇచ్చే ప్రశ్నాపత్రంలో తల్లిదండ్రులు నింపాల్సిన పేజీ కూడా ఉండొచ్చు. అందులో "కష్టపడే మనస్తత్వం" అని రాస్తే దేనికీ పనికిరాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడో ఒక్క సంగతి రాస్తే కౌన్సెలర్ దాన్ని తన లెటర్లో వాడుకోగలుగుతారు.

ఆ వేసవి ఇండియా ప్రయాణం పెట్టుకుంటే జూలై మధ్యకల్లా తిరిగి రండి. జార్జియా, టెక్సస్ లాంటి చోట్ల బడులు ఆగస్టు మొదటి రెండు వారాల్లోనే మొదలవుతాయి. కామన్ యాప్ ఎస్సే 650 పదాల్లోపు. యూసీలకు (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకు) ఎనిమిది ప్రశ్నల్లోంచి నాలుగింటికి జవాబులు, ఒక్కోటి 350 పదాల్లోపు. మిగతా కాలేజీలు తలా ఒకటో మూడో సప్లిమెంట్లు, అంటే అదనపు ఎస్సేలు, అడుగుతాయి. పన్నెండు కాలేజీలంటే రాతలు పాతిక దాకా తేలతాయి. జెట్‌లాగ్‌తో, కాలేజీ స్థాయిలో ఉండే ఐదు ఏపీ క్లాసుల మధ్య ఇవన్నీ మొదలుపెట్టడం పిల్లలకు నరకం.

లిస్టు విషయంలో మనవాళ్లకు ఒకటే గుంత, అది కంప్యూటర్ సైన్స్. ఇల్లినాయ్ అర్బానా షాంపేన్, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట్ల సీటు మేజర్‌ని (మన బ్రాంచి లాంటిది) బట్టి ఇస్తారు. "ముందు ఏదో ఒకదాంట్లో చేరి తర్వాత సీఎస్‌లోకి మారతాడులే" అన్న లెక్క అక్కడ దాదాపు పనిచేయదు. టెక్సస్ పిల్లలకు క్లాసు ర్యాంకును బట్టి యూటీ ఆస్టిన్‌లో (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో) ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. 2026 ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో) చేరేవాళ్ల నుంచి అది టాప్ 5 శాతానికి తగ్గింది. ఆ హామీ యూనివర్సిటీకే, కోరిన మేజర్‌కి వర్తించదు. అందుకే సేఫ్టీ కాలేజీని, అంటే సీటు దాదాపు ఖాయమనుకునేదాన్ని, మేజర్‌తో కలిపి చూసుకోవాలి. పర్డూ యూనివర్సిటీలో సీటు రావడం వేరు, పర్డూ సీఎస్‌లో రావడం వేరు.

ఒకే కాలేజీకి అందరికన్నా ముందే అప్లై చేసే దారి ఎర్లీ డెసిషన్. దాని గడువు ఎక్కువ చోట్ల నవంబరు 1. అది కట్టుబాటు: సీటిస్తే చేరి తీరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. ఆ ఒప్పందం మీద పిల్లలతోపాటు కౌన్సెలర్, తల్లిదండ్రులు కూడా సంతకం పెడతారు. ఆ సంతకానికి ముందు కాలేజీ వెబ్‌సైట్లో ఉండే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మీ ఆదాయం, ఆస్తులు వేసి, సాయం పోను మీకు పడే ఖర్చెంతో చూడండి. ఇతర కాలేజీల ఆఫర్లు చేతిలో పెట్టుకుని బేరమాడే వీలు ఈ దారిలో ఉండదు. స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌ల ఎర్లీకి కట్టుబాటు లేకపోయినా, వేరే ప్రైవేట్ కాలేజీలకు ఎర్లీ వేయకూడదన్న షరతు ఉంది.

ఇక పేర్ల గొడవ. ఇది అచ్చంగా మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్‌గా ఉంటుంది, బడిలో చేర్పించేటప్పుడు నాన్న పేరో పిల్లాడి సొంత పేరో లాస్ట్ నేమ్ అయిపోతుంది, ఎస్ఏటీ రిజిస్ట్రేషన్‌లో మూడో రకం. కాలేజీలో స్కోరును అప్లికేషన్‌తో జతచేసేది పేరు, పుట్టిన తేదీ చూసే. అవి కలవకపోతే స్కోరు పంపి నెల దాటినా కాలేజీ పోర్టల్లో (అప్లికేషన్ ఎక్కడిదాకా వచ్చిందో చూపే వెబ్‌పేజీలో) "రాలేదు" అనే ఉంటుంది. పాస్‌పోర్టు, ట్రాన్‌స్క్రిప్ట్ (బడి ఇచ్చే మార్కుల పత్రం), ఎస్ఏటీ నడిపే కాలేజ్ బోర్డ్‌లోని అకౌంట్ మూడూ పక్కపక్కన పెట్టి వేసవిలోనే సరిచూడండి. తేడా ఉంటే కామన్ యాప్‌లో ఇతర పేర్లు రాసే చోట రెండో రూపం కూడా ఇవ్వండి. ఈమెయిల్ కూడా బడి ఇచ్చినది వాడొద్దు. చాలా బడుల్లో బయటి మెయిళ్లు ఆగిపోతాయి, గ్రాడ్యుయేషన్ తర్వాత అకౌంటే పోతుంది.

కామన్ యాప్‌లో యాక్టివిటీలకు, అంటే క్లాసు బయట చేసిన పనులకు, పది గళ్లుంటాయి. ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నది విడిగా వేయాలి. వారాంతపు తెలుగు బడిలో సాయం చేసిన పిల్ల "తెలుగు భాషా సంస్కృతులకు వాలంటీర్‌గా సేవ" అని రాస్తే గడి వృథా. "9 మంది చిన్నపిల్లలకు గుణింతాలు, 40 ఆటకార్డులు తయారీ, ఐదుగురు వేదికపై పద్యం చెప్పారు" అన్న ధోరణిలో ఇంగ్లీషులో రాస్తే చదివేవారికి ఒక గది కనిపిస్తుంది. పది గళ్ల గంటలూ కూడి చూడండి. వారానికి 60 దాటితే ఎవరూ నమ్మరు.

మనవాళ్లు ఖాళీగా వదిలేసే గడి ఇంకోటుంది. యాక్టివిటీల రకాల్లో కుటుంబ బాధ్యతలు అని ఒకటి ఉంది. తాతయ్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి తెలుగులోంచి ఇంగ్లీషులోకి చెప్పడం, అమ్మ షిఫ్టులో ఉన్నప్పుడు తమ్ముణ్ని చూసుకోవడం "ఇంట్లో పనేగా" అని మనం లెక్కే చేయం. అడ్మిషన్ ఆఫీసులో లెక్క చేస్తారు.

ఎస్సేలో అరిగిపోయిన దారులు రెండు: కూచిపూడి రంగప్రవేశం, ఊరెళ్లి పేదరికం చూసి కళ్లు తెరుచుకోవడం. రాయకూడదని కాదు గానీ, మొదటి వాక్యానికే చివరి వాక్యం తెలిసిపోతుంది. వాట్సాప్ కాల్‌లో అమ్మమ్మ "తిన్నావా" అని అడిగాక ఇంకో తెలుగు మాట దొరక్క ఫోన్ అమ్మకిచ్చేసే పిల్లాడు ఆ క్షణం గురించే రాయొచ్చు. మీరు చదవాల్సింది ఒక్కసారి, తేదీలు, నిజాలు సరిచూడ్డానికి. మీ చేయి పడితే పదిహేడేళ్ల గొంతు పోయి ఆఫీసు మెయిల్ వాసన వస్తుంది.

డబ్బు కాగితాలు మాత్రం పూర్తిగా పెద్దల పని. ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయానికి నింపే ఫారం ఫ్యాఫ్సా. అది మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది, రెండేళ్ల ముందటి పన్నులు చూస్తుంది: 2026 ఫాల్‌కి 2024వి. పిల్లలు సిటిజన్లో గ్రీన్ కార్డువాళ్లో అయితే చాలు, తల్లిదండ్రులు హెచ్-1బీ మీదున్నా నింపొచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా దానికి కావాల్సిన అకౌంటు తెరవొచ్చు. మీరుంటున్న ఇల్లు, 401కే (రిటైర్‌మెంట్ పొదుపు) లెక్కలోకి రావు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, మీ పేరున్న ప్లాటు వస్తాయి, చాలామంది మరిచిపోయేది ఇక్కడే. పిల్లల పేరున్న పొదుపును 20 శాతం చొప్పున లెక్కిస్తారు, మీ పేరున్నదాన్ని గరిష్ఠంగా 5.64 శాతం. "మన ఆదాయానికి ఏమీ రాదు" అని మానేయకండి. అవసరంతో సంబంధం లేని ఫెడరల్ లోను, మొదటి ఏడాది 5,500 డాలర్ల దాకా, ఇది నింపితేనే వస్తుంది. చాలా ప్రైవేట్ కాలేజీలు తమ సొంత సాయం తేల్చడానికి అదనంగా సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి: మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16.

హెచ్-4 (హెచ్-1బీవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న పిల్లలకు ఫెడరల్ సాయం లేదు, వర్క్-స్టడీ (ఫెడరల్ సాయంతో క్యాంపస్‌లో ఇచ్చే పని) లేదు. సొంత రాష్ట్రంవాళ్లకుండే తక్కువ ఫీజు, అంటే ఇన్-స్టేట్ ఫీజు, వీళ్లకు వర్తిస్తుందా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆ యూనివర్సిటీలో రెసిడెన్సీ తేల్చే ఆఫీసునే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వాట్సాప్ గ్రూపులో వేరే రాష్ట్రంవాళ్లు చెప్పింది మీకు పనికిరాదు.

పంపే రోజు జరిగే పొరపాటు ఒకటే. కామన్ యాప్‌లో ఫీజు కట్టగానే అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూసేస్తారు. వెనక్కొచ్చి, సంతకం పెట్టి, సబ్మిట్ నొక్కాలి. తెరమీద రంగుకాగితాలు రాలితేనే వెళ్లినట్టు. కొన్ని కాలేజీలకు సప్లిమెంట్ విడిగా సబ్మిట్ చేయాలి. కొద్ది రోజుల్లో పోర్టల్ లాగిన్ మెయిల్ వస్తుంది, స్పామ్ కూడా చూడండి.

డిసెంబరు మధ్యలో ఎర్లీ ఫలితాలు, మార్చి చివరికి మిగతావి, మే 1లోగా ఒక్కచోటే డిపాజిట్. సీటు వచ్చింది కదాని రెండో సెమిస్టర్‌లో కాల్క్యులస్ వదిలేస్తే ఆ కాలేజీకి ముందే రాయాలి. యూసీల్లో డీ గ్రేడు వచ్చినా సీటు పోవచ్చు. వాళ్లకు ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ జూలై 1లోగా చేరాలి. జూన్‌లో బడి ఆఫీసుకు తాళం పడుతుంది కాబట్టి ఆ రిక్వెస్టు మేలోనే పెట్టేయండి.