వేసవి పరిశోధనలో మాస్టారికీ చోటు కావాలి

ఏప్రిల్ చివర్లో సెలవులిచ్చాక మా అనంతపురం జిల్లా పల్లెల్లో హైస్కూలు పిల్లలకు మిగిలేవి సాధారణంగా రెండే: పట్నంలో కోచింగ్, లేదా ఇంటి పనులు. వేసవి పరిశోధన శిబిరాలనేవి కూడా ఉన్నాయని చెబితే, వాటివల్ల మార్కులు పెరుగుతాయా అని తల్లిదండ్రులు వెంటనే అడుగుతారు. భౌతికశాస్త్రం బోధించే నేను ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. దానికి కొంత జవాబు ఉంది, కానీ అది ఉపాధ్యాయుల శిబిరాల నుంచి వచ్చింది.

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం 1990లో బడి సైన్స్ ఉపాధ్యాయుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. చేరినవారు వరుసగా రెండు వేసవులు ప్రయోగశాలలో శాస్త్రవేత్తల పక్కన పనిచేయాలి. 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, కార్యక్రమంలో చేరడానికి ముందు ఏడాది వారి విద్యార్థుల ఉత్తీర్ణత ఇతర ఉపాధ్యాయుల విద్యార్థులతో సమానంగానే ఉంది. చేరిన తర్వాత మూడు, నాలుగో సంవత్సరాల్లో మాత్రం రాష్ట్ర సైన్స్ పరీక్షలో అది సుమారు 10 శాతం ఎక్కువగా నమోదైంది. ఒక నగరపు లెక్కను మన బడులకు యథాతథంగా అన్వయించలేము గానీ, ఫలితం కనబడటానికి రెండేళ్లకు పైగా పట్టిందన్న సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది.

మన దేశంలో ఇస్రో 2019లో ప్రారంభించిన ‘యువికా’ తొమ్మిదో తరగతి పిల్లలను వేసవిలో రెండు వారాలు తన కేంద్రాలకు తీసుకువెళ్తుంది. వాటిలో మన శ్రీహరికోట ఒకటి. పల్లె బడుల పిల్లలకు ఎంపికలో ప్రత్యేక వెయిటేజీ కూడా ఉంది. మంచి అవకాశమే, అయితే సీట్లు కొద్ది, పైగా వెళ్లివచ్చిన పిల్లవాడు మరుసటి ఏడాది పదో తరగతి ముగించి బడి విడిచిపోతాడు. మాస్టారు మాత్రం బదిలీ అయినా మరో బడిలో పాఠం చెబుతూనే ఉంటారు. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌లు కళాశాలల విద్యార్థులకూ అధ్యాపకులకూ ఉద్దేశించినవి. హైస్కూలు ఉపాధ్యాయులకు కూడా అలాంటిది కావాలని నా అభిప్రాయం.

అందుకు తగిన ప్రశ్నలు మన జిల్లాలో కాళ్ల కిందే ఉన్నాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతే చూడండి. గ్రానైట్ జాతి రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీటిలోకి కరుగుతుంది. వాన తక్కువై, ఆవిరి ఎక్కువై, నీటిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట మరింత పేరుకుంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లను చిన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పట్టే ప్రమాదం ఉంది, ఇంకా ఎక్కువైతే ఎముకలకూ ముప్పే. నీటిమట్టం బాగా అడుగంటే మే నెలలో ఒకసారి, వానలు ముగిశాక నవంబరులో మరోసారి అవే బోర్ల నుంచి నమూనాలు తీస్తే పోల్చడానికి వీలుంటుంది. ఎండ ముదరకముందే, ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు, ఆ పని ముగించవచ్చు.

గత వేసవిలో కొందరు పిల్లలతో ఈ పని మొదలుపెట్టాము. రంగు మార్పును బట్టి అంచనా కట్టే కిట్‌తో ఒకే సీసాలోని నీళ్లను ఇద్దరు పరీక్షిస్తే రెండు అంకెలు వచ్చాయి. ఏది సరైనదో చెప్పమని నన్నడిగారు. చెప్పడానికి నా దగ్గర పాఠ్యపుస్తకం వెనకపేజీ లేదు. మళ్లీ మళ్లీ కొలిచి, సగటు తీసి, ఎంత తేడాను సహించవచ్చో వాదించుకున్నాము. కొలతల్లో దోషాల పాఠాన్ని ఏటా చెబుతున్నా, దాని గురించి పిల్లలు అంతగా గొడవపడటం నేను అంతకుముందు చూడలేదు.

కిట్ అంకెలను నమ్మాలంటే నీటిలోని ఫ్లోరైడ్‌ను కచ్చితంగా కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్ అనే పరికరం ఉన్న ప్రయోగశాలలో వాటిని సరిచూసుకోవాలి. అనంతపురంలోనే శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇలాంటి సంస్థల్లో ఏదో ఒక విభాగం వేసవిలో కొన్ని వారాలు కొద్దిమంది బడి ఉపాధ్యాయులకు ఒక బల్ల, ఒక మార్గదర్శి ఇస్తే చాలు. నీళ్ల సీసాలు మోసుకొచ్చే పని పిల్లలదీ మాదీ.